లీడ్స్ కేర్ హోమ్‌లో నర్సింగ్ ప్లేస్‌మెంట్: పగటికి నాలుగు నక్షత్రాలు, సాయంత్రానికి రెండు

ఇంగ్లండ్‌లో నర్సింగ్ డిగ్రీలో చేరి, మొదటి ప్లేస్‌మెంట్ (చదువులో భాగంగా చేసే పని శిక్షణ) పెద్దవాళ్ళు ఉండే కేర్ హోమ్‌లో పడిందని తెలియగానే దిగులుపడే తెలుగు పిల్లల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. మా బ్యాచ్‌లో చాలామందికి ఆసుపత్రి వార్డు రాలేదన్న బెంగే. తెనాలి నుంచి మా పిన్ని కూడా ఫోనులో అదే అడిగింది: "ముసలివాళ్ళకు అన్నం పెట్టి బట్టలు మార్చడానికా అమ్మా అంత దూరం వెళ్ళింది?" ఆ ప్రశ్నకు ఫోనులో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

హోమ్ పేరు రాయడం లేదు. విద్యార్థిగా గోప్యత పాటించాలి, పైగా మంచితో పాటు లోపాలూ చెప్పబోతున్నాను. మనుషుల వివరాలను కూడా గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

లీడ్స్ అంచున, ఎర్ర ఇటుక ఇళ్ళ వరుసల మధ్య రెండంతస్తుల భవనం. కింద నడక కష్టమైనవారు, దీర్ఘవ్యాధులున్నవారు. పైన డిమెన్షియా, అంటే తీవ్రమైన మతిమరుపు జబ్బు, ఉన్నవారు. ఇరవై నాలుగు గంటలూ రిజిస్టర్డ్ నర్సు ఉంటారు. నర్సు లేని కేర్ హోములు కూడా ఈ దేశంలో చాలా ఉన్నాయి కాబట్టి ప్లేస్‌మెంట్ వివరాలు రాగానే ముందు ఆ సంగతి చూసుకోండి. ద్వారం పక్కన, ఇలాంటి హోములను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ ఇచ్చిన రేటింగ్ అంటించి ఉంది. 2015 నుంచి దాన్ని అందరికీ కనబడేలా పెట్టడం చట్టప్రకారం తప్పనిసరి. ఈ హోమ్‌కు వచ్చింది 'గుడ్'. భద్రత, ఫలితం, ఆదరణ, అవసరానికి తగ్గ స్పందన, నిర్వహణ అని ఐదు విషయాలు చూసి కమిషన్ ఆ రేటింగ్ ఇస్తుంది. నేను మాత్రం అక్కడున్నన్ని రోజులూ ఒక్కటే చూశాను. అక్కడి పెద్దవాళ్ళు "నాకు ఇది కావాలి" అంటే, ఆ మాట వినడానికి ఎవరికైనా తీరిక ఉందా?

పగటిపూట ఉంది. చాలా ఉంది.

పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేవారు. పదిహేనేళ్ళ వయసు నుంచి హడ్సన్ రోడ్డులోని బర్టన్ దుస్తుల ఫ్యాక్టరీలో పనిచేశారట. ఒకప్పుడు 10,000 మంది పనిచేసిన ఫ్యాక్టరీ అది. లీడ్స్‌లో ఆ తరం కుటుంబాలు ఎన్నో కుట్టుపని మీదే బతికాయి. మధ్యాహ్నం నాలుగు దాటితే ఆవిడ కుర్చీలో కుదురుగా ఉండలేరు. షిఫ్ట్‌కు ఆలస్యమైందని, కోటు ఎక్కడ పెట్టారని తలుపు దగ్గరికి వెళ్ళిపోతారు. ఏజెన్సీ నుంచి ఆ పూటకు వచ్చిన ఒకరు "మీరు రిటైరై ముప్పై ఏళ్ళయింది, కూర్చోండి" అన్నారు. ఆవిడ ముఖం ఎర్రబడింది, చేతులు వణికాయి. అక్కడ ఏళ్ళ తరబడి పనిచేస్తున్న కేరర్ ఒకామె పరుగున వచ్చి ఆవిడ పక్కన నిలబడి, "ఈ లాటు చూసి పెట్టండి, మీరు చూడందే బయటికి పోనివ్వరు" అని ఒక అట్టపెట్టె ముందు పెట్టింది. లోపల సూటు గుడ్డ ముక్కలు, బొత్తాలు, సుద్ద.

తర్వాత జరిగింది దగ్గరి నుంచి చూశాను. ఆవిడ ఒక్కో ముక్కను తిరగేసి, అంచును చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని మెల్లగా జరుపుతారు. వేలు ఒకచోట ఆగుతుంది. అక్కడ గోటితో గీత పెట్టి గుడ్డను ఎడమవైపు వేస్తారు. వేలు ఆగకుండా చివరిదాకా వెళితే కుడివైపు. ఆవిడ టీకి వెళ్ళాక ఎడమవైపు పడిన ముక్కలను కిటికీ వెలుగులో పెట్టి చూశాను. గీత పెట్టిన ప్రతిచోటా కుట్టు తప్పి ఉంది. కూతురి పేరు గుర్తులేని మనిషి, కుట్టులో తప్పు మాత్రం ఒక్కటీ వదల్లేదు. ముసలివాళ్ళూ పసిపిల్లలూ ఒకటే అని మన ఇళ్ళలో ప్రేమగానే అంటారు. ఆ చేతులు చూశాక ఆ మాట ఇక నా నోట రాదు.

ఆ పెట్టె ఒకరి మంచితనం వల్ల మాత్రమే వచ్చింది కాదు. హోమ్‌లో చేరినప్పుడే అల్జీమర్స్ సొసైటీ వారి 'దిస్ ఈజ్ మీ' పత్రాన్ని కుటుంబంతో కూర్చుని నింపుతారు. ఏ పేరుతో పిలిస్తే ఇష్టం, ఏ పని చేసేవారు, దేనికి భయపడతారు, నిద్రకు ముందు అలవాటేమిటి, అన్నీ అందులో ఉంటాయి. చాలాచోట్ల ఇది ఫైలులో పడి ఉంటుందని సీనియర్ విద్యార్థులు చెప్పారు. ఇక్కడ ఉదయం షిఫ్ట్ మారేటప్పుడు వివరాలు అప్పగించే హ్యాండోవర్‌లో అందులోంచి చదివి వినిపించడం నా కళ్ళతో చూశాను.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన మనిషి కింది అంతస్తులో ఉండే ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు. ఇన్సులిన్ మీద ఉన్నారు. షుగర్ వల్ల కాలివేళ్ళు రెండు తీసేశారు. ఆదివారం భోజనం తర్వాత టాఫీ పుడ్డింగ్, దాని మీద కస్టర్డ్ ఆయనకు కావాల్సిందే. మా తాతయ్యకు షుగర్ వచ్చినప్పుడు నాయనమ్మ బెల్లం డబ్బాను అటకెక్కించింది. ఆయనను ఎవరూ అడగలేదు. అడగకపోవడమే ప్రేమ అని నేనూ నమ్ముతూ పెరిగాను. అందుకే ఆ పుడ్డింగ్ గిన్నె బల్ల మీద పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ మాట నా ప్రాక్టీస్ సూపర్‌వైజర్‌తో దాపరికం లేకుండా చెప్పాను.

ఆమె నన్ను వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్ళింది. 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ఇంగ్లండ్, వేల్స్ రెండింటికీ వర్తిస్తుంది. మనిషికి నిర్ణయం తీసుకునే శక్తి ఉందనే అనుకుని మొదలుపెట్టాలని, ఇతరులకు తెలివితక్కువగా తోచిన నిర్ణయం తీసుకున్నంత మాత్రాన ఆ శక్తి లేదనకూడదని ఆ చట్టం చెబుతుంది. నాలుగు విషయాలు చూడాలి. విషయం అర్థమవుతోందా, నిర్ణయానికి కావలసినంతసేపు గుర్తుంటోందా, మంచిచెడ్డలు తూచగలరా, నిర్ణయాన్ని ఏదో ఒక విధంగా తెలియజేయగలరా. ఆమె ప్రశ్నపత్రం చదివినట్లు అడగలేదు. మంచం అంచున కూర్చుని బస్సు రూట్ల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ అడిగింది. ఆయన జవాబు సూటిగా వచ్చింది. "వేళ్ళు పోయాయి, రేపు కాలు పోవచ్చు, చూపు పోవచ్చు. డాక్టరు చెప్పినదంతా నాకు గుర్తుంది. వారానికి ఒక గిన్నె పుడ్డింగ్ నేను తింటాను."

అంతే, అది కేర్ ప్లాన్‌లో ఎక్కింది. డాక్టరుకూ డయాబెటిస్ నర్సుకూ తెలియజేశారు. ఆదివారం సాయంత్రం రక్తపరీక్ష, రోజూ పాదాల పరిశీలన చేర్చారు. మరుసటి ఆదివారం ఆ గిన్నె నేనే తీసుకెళ్ళి పెట్టాను. సాయంత్రం గ్లూకోమీటర్ మీద అంకె చూసినప్పుడు నా మనసు విలవిల్లాడింది. ఇప్పటికీ కుదుటపడలేదు. ఆ సంభాషణ ఒకసారి జరిపి ఊరుకోకూడదని, కొన్నాళ్ళకోసారి మళ్ళీ అడుగుతూ ఉండాలని నా అభిప్రాయం. హోమ్ కూడా ప్లాన్‌ను నెలకోసారి తిరిగి చూస్తుంది. కానీ డబ్బా అటకెక్కించే హక్కు నాకు లేదన్నది మాత్రం నాకు స్పష్టమైంది.

ఇక మనవాళ్ళు అందరూ అడిగే రెండు ప్రశ్నలు. ఒకటి, గొడ్డు మాంసం, పంది మాంసం వడ్డించాలా? వడ్డించాల్సి రావచ్చు. ఆదివారం రోస్ట్ బీఫ్ ఇక్కడ పండుగ భోజనం. మనస్సాక్షి కారణంగా పనిలో పాల్గొనబోమని చెప్పే హక్కును ఇక్కడి చట్టం నర్సులకు రెండు విషయాల్లోనే ఇచ్చింది. 1967 చట్టం కింద గర్భస్రావం, 1990 చట్టం కింద కృత్రిమ గర్భధారణ చికిత్స. భోజనం ఆ జాబితాలో లేదు. అయినా మేనేజర్ మొదటిరోజే ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, మీకు ఇబ్బందైన పనులేమైనా ఉన్నాయా అని అడిగింది. పంది మాంసం ముట్టని ఒక ముస్లిం కేరర్‌కు ఆ బల్ల బదులు వేరే బల్ల ఇచ్చేవారు. మా ఇంట్లో గొడ్డు మాంసం గడప దాటి రాదు. అయినా పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన మనిషి పళ్ళెంలో మాంసం కోసిపెట్టడానికి నేను ఒప్పుకున్నాను. తినేది ఆయన. ఆయన భోజనం వేడిగా ఉండగా తినడం ఆ నిమిషంలో నాకు ముఖ్యమనిపించింది. ఒప్పుకోలేనివారు ఉంటే అందులో తప్పేమీ లేదు. మొదటిరోజే చెప్పండి, బల్ల దగ్గర నిలబడ్డాక కాదు.

రెండోది, మగవాళ్ళకు స్నానం చేయించాలా? చేయించాలి. దాని గురించి పెళ్ళిళ్ళలో మన గురించి ఏమంటారో అని భయపడిన అమ్మాయిలు నాకు తెలుసు. తలుపు తట్టడం, పేరు చెప్పడం, ప్రతి దశకూ అనుమతి అడగడం, కడుగుతున్న భాగం తప్ప మిగతా ఒళ్ళంతా తువ్వాలుతో కప్పి ఉంచడం, ముందు ముఖం, చివర కింది భాగం, మధ్యలో నీళ్ళు మార్చడం. ఈ క్రమం తప్పకుండా చేస్తుంటే నా సంకోచం కంటే ఎదుటివారి సంకోచం ఎంత పెద్దదో తెలిసింది. నా వయసు మనవరాలున్న ఆయన, జీవితంలో మొదటిసారి పరాయి మనిషి చేత ఒళ్ళు కడిగించుకుంటున్నారు. ఆడవాళ్ళు వద్దు, మగ కేరరే కావాలి అన్నవారి కోరికను ఈ హోమ్ పగటిపూట తప్పక మన్నించింది.

వంటగదికి పూర్తి మార్కులు. మింగడం కష్టమైనవారికి ఇక్కడ 2019 నుంచి అందరూ ఒకే అంతర్జాతీయ కొలత వాడుతున్నారు. 0 నుంచి 7 దాకా ఎనిమిది స్థాయిలు. పానీయం చిక్కదనం సరిపోయిందో లేదో పది మిల్లీలీటర్ల సిరంజిలో పోసి, పది సెకన్లు కారనిచ్చి ఎంత మిగిలిందో చూసి తేలుస్తారు. వంటమనిషి మెత్తగా రుబ్బిన క్యారెట్టు, మాంసం, బంగాళాదుంప దేనికదే విడిగా వడ్డిస్తుంది. అంతా కలిపి ఒకే ముద్దగా పెట్టడం ఆమెకు అవమానంగా తోస్తుందట. నాకూ అలాగే తోస్తుంది.

చర్మ పరిశీలనలో ఒక లోపం కనిపించింది. పడక పుండ్ల ముప్పును అంచనా వేయడానికి వీళ్ళు లీడ్స్ విశ్వవిద్యాలయంలోనే తయారైన 'పర్పస్ టి' పద్ధతి వాడతారు. మంచి పద్ధతి. అయితే రోజువారీ పరిశీలనకు హోమ్ సొంతంగా తయారుచేసుకున్న ఫారంలో "ఎర్రదనం ఉందా? వేలితో నొక్కితే తెల్లబడుతోందా?" అనే రెండు గడులే ఉన్నాయి. పాలిపోయిన తెల్లటి ఒంటి మీద అది పనికొస్తుంది. ఆ హోమ్‌లో జమైకా నుంచి వచ్చి స్థిరపడిన ఒకావిడ, పంజాబీ పెద్దాయన ఒకరు ఉన్నారు. వాళ్ళ మడమల మీద ఎర్రదనం సరిగ్గా కనబడదు, నొక్కితే తెల్లబడిందో లేదో కూడా తెలియదు. రంగు కాస్త ఊదాగా మారడం, చుట్టుపక్కల కంటే వేడిగా గానీ చల్లగా గానీ ఉండటం, గట్టిపడటం, ముట్టుకుంటే నొప్పి అనడం, ఇవే గుర్తులు. నా చర్మం కూడా ఆ రంగుదే కాబట్టి నాకు వెంటనే తట్టింది. పంజాబీ పెద్దాయన ఎడమ మడమ వేడిగా, పిండి అతికినట్లు మెత్తగా తగిలింది. ఫారంలో రాయడానికి గడి లేదు. నర్సును పిలిచి ఆమె చేతిని ఆ మడమ మీద పెట్టించాను. ఆ రోజే మడమ మంచానికి తగలకుండా ఎత్తిపెట్టారు. ఫారంలో వేడి, గట్టిదనం, నొప్పి అనే గడులు చేర్చారు. మొదటి ఏడాది విద్యార్థి మాట విని కాగితం మార్చిన సంస్థను నేను గౌరవిస్తాను.

చివరి రోజుల సంరక్షణ గురించి కూడా చెప్పాలి. గుండె ఆగితే ఛాతీ నొక్కి బతికించే ప్రయత్నం వద్దని కొందరి ఫైళ్ళలో ముందే రాసి ఉంటుంది. మనవాళ్ళకు ఇది మనిషిని వదిలేయడంలా తోస్తుంది. నాకూ గుండె గుబుక్కుమంది. కానీ ఆ కాగితం గుండె ఆగిన ఆ ఒక్క క్షణానికే సంబంధించింది. నొప్పి మందు, యాంటీబయాటిక్, నోరు తడపడం, రెండేసి గంటలకు పక్కకు తిప్పడం ఏవీ ఆగవు. మాట రానివారి నొప్పిని ముఖ కవళికలు, మూలుగు, ఒంటి కదలికలు చూసి 'ఆబీ' కొలతతో లెక్కించి మందు ఇస్తారు. నా షిఫ్ట్‌లో ఒకరు కన్నుమూశారు. ఇద్దరు కేరర్లు ఆయనతో మాట్లాడుతూనే ఒళ్ళు తుడిచారు. "ఇప్పుడు ఇటు తిప్పుతున్నాం" అని బతికున్నప్పటిలాగే చెబుతూ. తీసుకెళ్ళేటప్పుడు వెనక ద్వారం వాడలేదు. వచ్చిన ముందు ద్వారం నుంచే, సిబ్బంది అంతా రెండు వరుసల్లో నిలబడగా సాగనంపారు. మా ఇంట్లో చావు వేళ ఉండే మంత్రం, దీపం అక్కడ లేవు. మర్యాదకు మాత్రం లోటు రాలేదు.

ఇప్పుడు సాయంత్రం సంగతి.

ఆరు నుంచి ఎనిమిది వరకు, రాత్రి సిబ్బంది వచ్చేదాకా, ఇదే హోమ్ మరో హోమ్ అయిపోతుంది. నర్సు మందుల రౌండ్‌లో ఉంటుంది. పలకరించవద్దని రాసిన ఎర్ర ఏప్రన్ వేసుకుంటుంది, పలకరించకూడదు కూడా. కేరర్లు ఇద్దరిద్దరు చొప్పున పడుకోబెట్టే పనిలో ఉంటారు. హాలులో కాల్ బెల్ మోగుతూనే ఉంటుంది. ఒక సాయంత్రం ఒకావిడ బాత్రూముకు తీసుకెళ్ళమని అడిగారు. ఆవిడను హాయిస్ట్‌తో (మనిషిని ఎత్తే యంత్రంతో) లేపాలి, దానికి ఇద్దరు కావాలి. నేను ఒక కేరర్‌ను పిలిస్తే, "ప్యాడ్ ఉంది కదా, అందులోనే వెళ్ళమను, పడుకోబెట్టేటప్పుడు మారుస్తాం" అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ పూట ఆమె చేతిలో ఇంకా ఏడుగురు ఉన్నారు. కానీ ఆవిడకు మూత్రం మీద అదుపు ఉంది. ఆపుకోగలరు, అడగగలరు, అడిగారు. ఆ మాట వినబడి ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని తల దించేసుకున్నారు. నేను కదలలేదు. "ఈవిడను తీసుకెళ్ళాకే మిగతా పని" అని అక్కడే నిలబడ్డాను. పై అంతస్తు నుంచి ఒకరు దిగి వచ్చారు, తీసుకెళ్ళాం.

సిబ్బంది చెడ్డవాళ్ళు కాకపోయినా మనుషులు చాలకపోతే విలువలు ఎలా కరిగిపోతాయో అక్కడ చూశాను. గోడ మీద 'గౌరవం' అని రాసిన పటం ఉంది. సాయంత్రం ఏడింటికి ఆ గౌరవం ఒక అదనపు మనిషి రూపంలో రావాలి. రాలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. విద్యార్థులను సిబ్బంది లెక్కలో చేర్చకూడదన్నది ఇక్కడి నర్సుల నియంత్రణ సంస్థ ఎన్ఎంసీ నియమం. డిగ్రీకి కావలసిన 2,300 గంటల ప్రాక్టీసు నేర్చుకోవడానికి, ఖాళీలు పూడ్చడానికి కాదు. కొన్ని సాయంత్రాలు డ్యూటీ పట్టికలో నా పేరు ఒక కేరర్ ఉండాల్సిన చోట కనబడింది. రెండు విషయాలనూ సూపర్‌వైజర్‌కు చెప్పాను, విశ్వవిద్యాలయానికి రాశాను. పేరు తీసేశారు. ఇలా జరిగితే మార్కులు తగ్గుతాయని భయపడి ఊరుకోకండి. మీ పనిని రోజూ చూసేది సూపర్‌వైజర్, ఉత్తీర్ణతకు సంతకం పెట్టేది అసెసర్. ఆ రెండు పాత్రలూ వేరు వేరు మనుషులవి కావడం మీకు రక్ష.

తల్లిదండ్రులను హోమ్‌లో పెట్టినవాళ్ళు కర్కోటకులని అనుకునే తెలుగువారికి ఒక్క మాట. రోజూ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, తల్లికి జుట్టు దువ్వి వెళ్ళే కొడుకును అక్కడ చూశాను. నెలలుగా ఎవరూ రాని గదులూ చూశాను. రెండూ మన ఊళ్ళలో, సొంత ఇళ్ళలో కూడా ఉన్నవే. హైదరాబాదులోనో విజయవాడలోనో పెద్దవాళ్ళ కోసం హోమ్ వెతుకుతున్నవారు పగలు పదకొండింటికి వెళ్ళి తోట చూసి రావద్దు. సాయంత్రం ఏడింటికి వెళ్ళండి. మంచినీళ్ళ గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉందా, బెల్ తాడు మంచానికి కట్టి ఉందా, బాత్రూముకు తీసుకెళ్ళమంటే ఏమి జవాబు వస్తోందో వినండి.

విద్యార్థులకు మరికొన్ని వివరాలు. షిఫ్ట్ పన్నెండు గంటలు, ఉదయం ఎనిమిదికి మొదలు. బస్సు గేటు ముందే ఆగుతుంది, ఆదివారం మాత్రం ఆలస్యం. మైక్రోవేవ్ ఉంది, పప్పన్నం తీసుకెళితే ఇబ్బంది లేదు. పాదాలకు ఆసరా ఇచ్చే బూట్లు కొనుక్కోండి. ఇది విద్యార్థి ప్లేస్‌మెంట్ సంగతి, కేర్ వర్కర్ వీసా సంగతి కాదు. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తెచ్చుకునే దారి 2025 జులై 22న మూసేశారు. ఎవరైనా ఏజెంటు ఆ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకండి.

వెళ్ళేముందు నింపే అభిప్రాయ పత్రంలో సాయంత్రం సంగతంతా రాశాను. మేనేజర్ పిలిచి చదివింది, వాదించలేదు. సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది వరకు ఒక కేరర్‌ను అదనంగా వేస్తున్నట్లు తర్వాతి వారపు పట్టిక చూపించింది. ఈ ఏడాది అక్కడికి వెళ్ళే విద్యార్థులు ఆ వరుసలో ఇంకా పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే మళ్ళీ రాయండి.